ఆర్ఎఫ్ కరెంటు మీటరు: 40 మీటర్లలో ఒక లెక్క, 10 మీటర్లలో ఇంకో లెక్క

డాబాతీగ: అందరికీ నమస్కారం. హామ్ రేడియో కోసం డాబా మీద ఎండ్‌ఫెడ్ (ఒక చివర నుంచి పవరు ఇచ్చే) యాంటెన్నా తీగ కట్టాను. 40 మీటర్ల బ్యాండులో 20 వాట్లు వదిలితే మైకు పెదవికి తగిలి చురుక్కుమంటోంది. కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) బ్రెయిడు, అంటే దాని బయటి తీగల అల్లిక మీద ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కరెంటు ఎంత పారుతోందో చూద్దామని మీటరు కట్టాను. తెరిచి మూసే 43 రకం ఫెరైటు (కేబుల్ చుట్టూ బిగించే రింగు), దాని మీద 10 చుట్లు, వాటికి అడ్డంగా 50 ఓమ్ రెసిస్టరు, 1ఎన్34ఏ డయోడు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటరు, 100కె పాట్ (తిప్పే రెసిస్టరు), కోఠీ గుజరాతీ గల్లీలో దొరికిన 100 మైక్రోఆంపియర్ల మీటరు.

డమ్మీ లోడు (యాంటెన్నా బదులు పవరును మింగేది) 1కె రెసిస్టర్లు 20 పారలల్‌గా కలిపి నేనే చేసుకున్నాను. దానికి వెళ్లే సెంటర్ తీగను ఫెరైటులోంచి దూర్చి, 5 వాట్లకు 0.32 ఆంపియర్లు, 20 వాట్లకు 0.63 అని గీతలు పెట్టాను. ఇదంతా 7.1 మెగాహెర్ట్జ్‌లో, అంటే 40 మీటర్లలో. అదే 20 వాట్లు 28.4లో, అంటే 10 మీటర్లలో ఇస్తే ముల్లు గీత దాటి చాలా పైకి పోతోంది. దేన్ని నమ్మను?

పాతవాల్వు: ఆ 50 ఓమ్ రెసిస్టరు ఏ రకం అండీ? వైర్‌వౌండ్ అయితే వెంటనే పీకేయండి. అది కూడా ఒక కాయిలే, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎక్కువ చూపిస్తుంది. ఇంకొకటి, 20 వాట్ల దగ్గర సెంటర్ తీగ మీద 31 వోల్టుల పైనే ఉంటుంది. ఆ వోల్టేజీ కెపాసిటెన్స్ ద్వారా మీ చుట్లలోకి దిగుతుంది. తీగను లోడు ఎర్తు వైపు నుంచి దూర్చండి. కరెంటు అంతే, వోల్టేజీ మాత్రం దాదాపు సున్నా.

డాబాతీగ: మీరన్నట్టే అది సిమెంటు రెసిస్టరు, ఇంట్లో ఉందని వేశాను. తీసేసి 100 ఓమ్ మెటల్ ఫిల్మ్ రెండు పారలల్‌గా, కాళ్లు కురచగా కత్తిరించి పెట్టాను. తీగ ఎర్తు వైపుకు మార్చాను. ఇప్పుడు రెండు బ్యాండ్ల మధ్య తేడా ముల్లు మందమే! కానీ నాకు కావలసింది 0.1 ఆంపియర్ లోపు గీతలు. నా రిగ్గు (రేడియో సెట్టు) 5 వాట్ల కిందికి దిగదు.

గూడూరు_క్యూఆర్‌పీ: పవరు తగ్గించక్కర్లేదు. మీ లోడులో 20 రెసిస్టర్లు ఉన్నాయి కదా, అందులో నాలుగింటి ఎర్తు కాళ్లు మాత్రమే ఫెరైటులోంచి దూర్చండి. 5 వాట్లకు 0.063 ఆంపియర్లు. ఒక్కటే దూరిస్తే 0.016. అక్కడ డయోడు వంకర వల్ల (తక్కువ వోల్టేజీలో అది సమానంగా స్పందించదు) గీతలు దగ్గర దగ్గరగా పడతాయి, సమానంగా విడగొట్టకండి, ప్రతిదీ చూసి గీయండి.

గీతలయ్యాక ఫెరైటును కోయాక్స్ మొత్తం చుట్టూ బిగించండి. లోపలి కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ముల్లు చూపేదంతా బ్రెయిడు బయటిదే. ఒక్కచోట చూసి వదిలేయొద్దు, కేబుల్ పొడవునా జరుపుతూ చూడండి.

డాబాతీగ: జరిపాను. రిగ్గు దగ్గర 0.12, మెట్ల దగ్గర 0.2! మొదటిదే చూసి ఊరుకుందామనుకున్నాను. రేపు చోకు (ఆ బయటి కరెంటును అడ్డుకునే కాయిలు) చుట్టి, ఇవే రెండు చోట్ల మళ్లీ చూసి రాస్తాను. 73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).