పశ్చిమ జర్మనీలో బ్రిటిష్ మరమ్మతు దళాల తీరిక వేళలు: "పసుపు హ్యాండ్‌బ్యాగ్" అంటే ఏమిటి?

ప్రశ్న — లెస్టర్ తెలుగు

మిత్రులకు నమస్కారం. మా పక్కింటి పెద్దాయన 1970లలో బ్రిటిష్ సైన్యానికి చెందిన రీమీలో, అంటే ట్యాంకులను, వాహనాలను, ఆయుధాలను మరమ్మతు చేసే దళంలో, పశ్చిమ జర్మనీలో పనిచేశారు. ఆయన జ్ఞాపకాలను మనవరాలు ఫోనులో రికార్డు చేస్తోంది. వాటిలో కొంత భాగాన్ని నేను మా తెలుగు సంఘం పత్రిక కోసం తెలుగులో రాస్తున్నాను. ట్యాంకు నడిపినవారి గురించి పుస్తకాలు కావలసినన్ని దొరుకుతున్నాయి గానీ, ఆ ట్యాంకు కింద నూనె మరకలతో పడుకుని పనిచేసినవారు సాయంత్రం ఏం చేసేవారో చెప్పేవి నాకు పెద్దగా కనిపించలేదు.

రెండు చోట్ల నేను ఆగిపోయాను. ఆయన మాటిమాటికీ "ఎవరింటికి వెళ్లినా పసుపు హ్యాండ్‌బ్యాగ్ పట్టుకునే వెళ్లేవాళ్లం" అంటున్నారు. అది పనిముట్ల సంచి అనుకుని అలాగే రాశాను. చదివి వినిపిస్తే ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారు, విషయం మాత్రం చెప్పలేదు. రెండవది, తమకంటే ముందు తరంవారు జర్మన్ ఊళ్లలో దర్జాగా తిరిగేవారని, తమ కాలానికి వచ్చేసరికి నెలాఖరులో గేటు దాటడమే మానేశామని ఆయన అంటారు. జర్మన్లతో ఏదైనా గొడవ జరిగిందా అని అడిగితే, కాదని తల ఊపారు. దీనికి కారణం ఏమై ఉంటుందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు — హెర్ఫోర్డ్ దారిలో

నేను పదకొండేళ్లుగా జర్మనీలో, ఒకప్పుడు బ్రిటిష్ దళాలు ఉన్న ప్రాంతంలోనే నివసిస్తున్నాను. మీ మొదటి ప్రశ్నకు సమాధానం నా ఉద్యోగానికి వెళ్లే దారిలోనే ఉంది. ఇక్కడి హెర్ఫోర్డ్ పట్టణం పేరుతో హెర్ఫోర్డర్ అనే బీరు వస్తుంది. దాని సీసాలను పిడి ఉన్న పసుపుపచ్చ ప్లాస్టిక్ పెట్టెలో అమ్మేవారు. ఆ పెట్టెను ఒక చేత్తో ఊపుకుంటూ నడిచే సైనికుణ్ణి చూసి ఎవరో పెట్టిన ముద్దుపేరే పసుపు హ్యాండ్‌బ్యాగ్. మీరు దాన్ని పనిముట్ల సంచి అని రాసినందుకు ఆయన నవ్వడంలో వింత లేదు.

రెండవదానికి కారణం గొడవ కాదు, డబ్బు. 1960లో ఒక పౌండు మారిస్తే అప్పటి జర్మన్ డబ్బులో 11కు పైగా మార్కులు వచ్చేవి. 1978 నాటికి నాలుగు మార్కులైనా వచ్చేవి కావు. విదేశంలో ఉన్నందుకు ప్రత్యేక భత్యం ఇచ్చినా, జీతం పౌండ్లలో లెక్కకట్టే మెకానిక్కు ఊళ్లో భోజనం చేయడమంటే జేబు తడుముకోవలసిన పనే అయింది. అందువల్ల సాయంత్రాలు మెల్లగా శిబిరం గోడల లోపలికి వచ్చి చేరాయి. లోపల దేనికీ లోటు లేదు: 1921 నుంచి సైనికులకు క్యాంటీన్లు, దుకాణాలు నడుపుతున్న నాఫీ ఉంది, హోదాను బట్టి విడివిడిగా మెస్‌లు, సినిమా హాలు, పిల్లలకు ఇంగ్లిషు బడులు ఉన్నాయి. పన్నులేని సిగరెట్లు, కారుకు పెట్రోలు కూపన్లు కూడా దొరికేవి. మూడేళ్లు ఇక్కడ ఉండి జర్మన్‌లో రొట్టె అడగడం రాకుండానే తిరిగి వెళ్లినవారు ఉన్నారంటే, సోమరితనం ఒక్కటే కారణమని నేను అనుకోను. జర్మన్ అవసరం రాకుండా అన్నీ అమర్చిపెట్టారు.

ఆయన్ని క్వార్టర్ల గురించి తప్పక అడగండి. ఇల్లు అప్పగించేటప్పుడూ, ఖాళీ చేసేటప్పుడూ తనిఖీ జరిగేది. కుర్చీలు, మంచాలే కాక చెంచాలు, ఫోర్కులు, గిన్నెలు కూడా జాబితాలో ఉండేవి. పొయ్యి వెనక వేలు పెట్టి రాసి జిడ్డు అంటుకుందేమో చూసేవారట. తిరిగి వెళ్లే నెలలో ఆ ఇంటి ఇల్లాలికి ఇంకో పని తోచేది కాదని ఇక్కడి పాతకాపు ఒకావిడ నాతో చెప్పారు. ఆమె ఒక సైనికుణ్ణి పెళ్లాడి ఇక్కడే స్థిరపడ్డ ఆంగ్ల వనిత.

జవాబు — పాత వర్క్‌షాపు, తిరుమలగిరి

నేను మన సైన్యపు మరమ్మతు దళమైన ఈఎంఈలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. బ్రిటన్‌లో రీమీ 1942లో ఏర్పడితే, ఇక్కడ దానికి తోబుట్టువుగా మా దళం 1943లో పుట్టింది. సికింద్రాబాద్‌లో మా శిక్షణ కేంద్రం పక్కనుంచి వెళ్లేవారికి ఆ మూడక్షరాలు కొత్త కాదు. కనుక మీ పెద్దాయన జర్మనీలో ఉన్నా, ఆయన దినచర్య నాకు పరాయిగా అనిపించడం లేదు.

మీ వ్యాసంలో తీరికను వేరే అధ్యాయంగా పెట్టవద్దని నా సలహా. మరమ్మతు దళంలో తీరిక పనిలోంచే పుడుతుంది, మళ్లీ పనే దాన్ని మింగేస్తుంది. ఆయన కాలంలో అక్కడి ప్రధాన ట్యాంకు చీఫ్‌టెన్; దాని ఎల్60 ఇంజను ఎంత తరచుగా మొరాయించేదో ఆ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. కోతలు అయ్యాక, శరదృతువులో, పెద్ద విన్యాసాలు మొదలయ్యేవి. అప్పుడు ఎఫ్‌వీ434 అనే క్రేను బండి వచ్చి, వానలో, అడవి అంచున, ఆ ఇంజనును గాలిలోకి ఎత్తి కొత్తది దించేది. పదాతిదళం నిద్రపోయే వేళకు మెకానిక్కు పని మొదలవుతుంది. అందరూ కదిలే వేళకు అతనికి ఓ అరగంట దొరుకుతుంది. ఆ అరగంటలో టీ కాచుకోవడమే వినోదం. బిస్కెట్ల డబ్బాలో ఇసుక పోసి పెట్రోలు తడిపి నీళ్లు మరిగించే పద్ధతి రెండవ ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారి పోరు నాటిది, తరవాత స్టవ్‌లు వచ్చాయి గానీ టీ మీద మోజు తగ్గలేదు. శిబిరంలో ఉంటే ఉదయం పది గంటల ప్రాంతంలో "నాఫీ బ్రేక్": టీ, బన్ను, కాసిన్ని కబుర్లు. మా దగ్గర ఆ వేళకు సమోసా వచ్చేది, తేడా అంతే.

మాటల విషయంలోనూ ఒక ముచ్చట ఉంది. ఆయన బట్టలు ఉతకడాన్ని "దోబీ" అనీ, టీని "చా" అనీ అంటున్నారేమో గమనించండి. కంటోన్మెంటు రోజుల్లో ఇక్కడినుంచి పట్టుకెళ్లిన మాటలను జర్మనీ చలిలో కూడా వాళ్లు వదల్లేదు. అటునుంచి ఇటు వచ్చినది తంబోలా. డబ్బు పందెంగా పెట్టి ఆడేందుకు బ్రిటిష్ సైన్యం పూర్వం అనుమతించిన ఆట అదొక్కటే. సైనికులు దాన్ని హౌసీ అనేవారు. మన క్లబ్బుల్లో, కిట్టీ పార్టీల్లో తొమ్మిది అంకె రాగానే "డాక్టర్ గారి నంబరు" అని అరుస్తారు కదా, అది మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యులు ఏ రోగానికైనా చేతిలో పెట్టిన తొమ్మిదో నంబరు విరేచనం మాత్ర. పేలాలు నములుతూ ఆ అంకె కొట్టే మా వదినగారికి ఈ సంగతి చెప్పినప్పటినుంచి నన్ను ఆటకు పిలవడం మానేశారు.

విన్యాసాల్లో "బ్రాటీ" బండి కనిపించేదా అని కూడా అడగండి. బ్రాట్‌వుర్స్ట్ అనే మాంసపు సాసేజి, వేయించిన బంగాళాదుంపలు అమ్మే జర్మన్ వ్యాపారుల వ్యాను అది. దళాలు ఎంత గుట్టుగా అడవిలో దాక్కున్నా వాసన పసిగట్టినట్టు వచ్చి నిలబడేదని ఆ రోజులవారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

జవాబు — ఆకాశవాణి అభిమాని

రేడియోను మరిచిపోయారు. బ్రిటిష్ సైనిక ప్రసారాలు జర్మనీలో 1945 జూలై 29న హాంబర్గ్‌లోని ఒక సంగీత భవనంనుంచి మొదలై, 1954లో కొలోన్‌కు మారాయి. ఆదివారం మధ్యాహ్నం లండన్ బీబీసీ, జర్మనీ స్టేషన్ కలిసి "టూ వే ఫ్యామిలీ ఫేవరిట్స్" ప్రసారం చేసేవి. ఇంటివాళ్లు కొడుక్కి, కొడుకు ఇంటికి కోరిన పాటలు పంపుకునేవారు. మన వివిధ భారతి జయమాల విన్నవారికి ఇంతకంటే వివరించనక్కరలేదు. హాంబర్గ్ వైపు క్లిఫ్ మిచెల్‌మోర్, లండన్ వైపు జీన్ మెట్‌కాఫ్ మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ 1950లో పెళ్లి చేసుకున్నారు. టీవీ ప్రసారాలు మాత్రం 1975 సెప్టెంబరులో సెల్లె పట్టణపు బ్యారక్స్‌నుంచి మొదలయ్యాయి. మొదట్లో లండన్‌నుంచి టేపులు విమానంలో రావలసిందే. మీ పెద్దాయన ఏ ఏడాది వచ్చారో తెలిస్తే, ఆయన సాయంత్రాల్లో టీవీ ఉందో లేదో మీరే తేల్చుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు — లెస్టర్ తెలుగు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఇవన్నీ ఆయనకు చదివి వినిపించాను. ఆయన 1973లో వెళ్లారు, కనుక మొదటి రెండేళ్లూ రేడియోనే. బ్రాటీ బండి మాట రాగానే లేచి కూర్చున్నారు: శీతాకాలంలో ఒక రాత్రి ఇంజను మార్చి బయటికి వస్తే వేళ్లు వంగలేదట, బంగాళాదుంపల పొట్లాన్ని తినకుండా రెండు అరచేతుల మధ్య చాలాసేపు పట్టుకుని నిలబడ్డారట.

క్వార్టర్ల సంగతి అడగ్గానే భార్యను పిలిచారు. ఆమె బీరువా అడుగునుంచి మడతలు పడిన ఒక కార్బన్ కాగితం తెచ్చారు. ఇల్లు ఖాళీ చేసిన రోజు జాబితా అది; చెంచాలు ఆరు ఉండవలసిన చోట ఐదు అని పెన్సిలుతో దిద్ది ఉంది. ఆ ఆరో చెంచా లెస్టర్‌కు వచ్చాక ప్రామ్ (పసిపిల్లల తోపుడు బండి) పరుపు కింద దొరికిందట. ఇప్పటికీ వాళ్ల వంటింట్లో పంచదార డబ్బాలో ఉంది, నిన్న నా టీలో పంచదార వేసింది దానితోనే.