చర్చ: ‘అన్‌ప్రెసిడెంటెడ్’ (unprecedented) మాటను తెలుగులో ఏమనాలి?

పటమట_అనువాదం: 2024 సెప్టెంబరు విజయవాడ వరదల మీద ఇంగ్లీషు నివేదికను తెలుగు చేయాలి. పేజీకో ‘అన్‌ప్రెసిడెంటెడ్’ ఉంది. అంతటా ‘అపూర్వ’ అని పెట్టేయొచ్చా?

బ్రాడీపేట_మాస్టారు: వద్దండీ. అర్థం తప్పు కాదు గానీ, ‘అపూర్వ’ అనగానే మన చెవికి స్వాగతాలూ సన్మానాలూ వినిపిస్తాయి. ఇంగ్లీషు మాటలో పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. ఇంతకుముందు జరగలేదు, అంతే. ఇళ్లు మునిగిన చోట ‘కనీవినీ ఎరుగని’ అనండి. అంకెలున్న వాక్యంలో ‘గతంలో ఎన్నడూ లేనంత’.

గాంధీనగర్_ప్రూఫ్: ‘నభూతో నభవిష్యతి’ జోలికీ పోకండి. ఇంగ్లీషు మాట వెనక్కి మాత్రమే చూస్తుంది, ఇది రేపటికి కూడా పూచీ పడుతుంది. ‘అసాధారణం’ కూడా చాలదు. పదిసార్లు జరిగింది కూడా అసాధారణమే కావచ్చు.

పటమట_అనువాదం: బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు అన్నచోట?

గాంధీనగర్_ప్రూఫ్: ‘ప్రకాశం బ్యారేజీ చరిత్రలోనే అత్యధిక ప్రవాహం’ అనండి, చాలు. 2009 అక్టోబరులో దాదాపు 11 లక్షలు వచ్చింది కదా, కాబట్టి అంత వరద రావడం కొత్త కాదు, రికార్డు కొత్తది. బుడమేరు వాగు దగ్గర మరీ జాగ్రత్త. 2005లోనూ ఊళ్లోకి వచ్చింది. ‘విజయవాడ దుఃఖదాయని’ అన్న పేరు ఊరికే రాలేదు. వాక్యం చివర ‘ఇన్ స్కేల్’ ఉంటే ‘ఇంత పెద్ద ఎత్తున ఎన్నడూ రాలేదు’ అనాలి. ఆ తోక వదిలేస్తే బుడమేరుకు అసలు వరదే రాలేదన్న అర్థం వస్తుంది.

బ్రాడీపేట_మాస్టారు: ఇంగ్లీషులో రాసేవాళ్లకూ ఒక మాట. ‘వెరీ అన్‌ప్రెసిడెంటెడ్’ అనకూడదు. ముందు జరిగి ఉండాలి, లేదా జరగకుండా ఉండాలి. అందులో ‘చాలా’ ఏముంది? ‘ఆల్‌మోస్ట్’ చెల్లుతుంది, ఒకటి రెండు ఉదాహరణలున్నాయని అర్థం.

గుంటూరు_లా: కోర్టు కాగితాల్లో ‘ప్రెసిడెంట్’ (precedent) అంటే పూర్వ తీర్పు. అక్కడ ‘కనీవినీ ఎరుగని’ అంటే నవ్విపోతారు. ‘ఇలాంటి తీర్పు ఇంతకుముందు లేదు’ అనడమే మేలు.

పటమట_అనువాదం: ఈ మాటకు ఇంగ్లీషు స్పెల్లింగూ తప్పుతోంది.

బ్రాడీపేట_మాస్టారు: మన నోట రాష్ట్రపతీ ‘ప్రెసిడెంటే’, పూర్వ తీర్పూ ‘ప్రెసిడెంటే’. అందుకే పిల్లలు ‘ప్రె’ తర్వాత ‘ఎస్, ఐ’ రాస్తారు. రాయాల్సింది ‘సి, ఇ’. 2016 డిసెంబరులో ట్రంప్ ట్వీటులోనూ ఇదే తప్పు పడింది, మన పిల్లల్నే అనక్కర్లేదు. పలికేటప్పుడు ఒత్తు ‘ప్రె’ మీద.