జిప్సమ్ బోర్డు అతుకులకు ఏ శాండింగ్ మెషిన్ మేలు?

ప్రశ్న: మూడు గదుల గోడలకు, పైకప్పులకు జిప్సమ్ బోర్డులు బిగించి, అతుకులపై టేపు, జాయింట్ కాంపౌండ్ (అతుకులను పూడ్చే ముద్ద) వేయించాను. దాన్ని నునుపు చేయడానికి గరుకు కాగితంతో చేత్తో రుద్దితే భుజాలు పడిపోతున్నాయి. పొడవు కాడ ఉన్న మెషిన్ కొనాలా, చేతిలో ఇమిడే ఆర్బిటల్ శాండర్ (చిన్న వలయాల్లో కదులుతూ రుద్దే మెషిన్) చాలునా?

సమాధానం 1: పైకప్పులు కూడా ఉన్నాయి కనుక, 225 మిల్లీమీటర్ల డిస్కు గల పొడవు కాడ మెషిన్‌నే ఎంచుకోండి. అయితే వేగాన్ని తగ్గించుకునే వీలు తప్పక ఉండాలి. ఎందుకంటే కాంపౌండ్ మెత్తనిది, డిస్కు ఒక్కచోట రెండు క్షణాలు ఎక్కువ ఆగినా గుంట పడుతుంది, బోర్డు పైకాగితం నూగులా లేస్తుంది. కొనేముందు మెషిన్‌ను తలపైకి ఎత్తి, ఐదు నిమిషాలు పట్టుకుని చూడండి. ఆ బరువు సంగతి ప్రకటనల్లో తెలియదు!

సమాధానం 2: నా దృష్టిలో మెషిన్ కన్నా ధూళిని లాగే ఏర్పాటు ముఖ్యం. ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ క్లీనర్ ఫిల్టర్ ఈ సన్నని పొడికి త్వరగా పూడుకుపోతుంది కాబట్టి, సన్నని ధూళికి తగిన ఫిల్టరున్న వాక్యూమ్‌ను జతచేసి, ముఖానికి ఎన్95 మాస్కు పెట్టుకోండి.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలు. ఎంత గరుకు కాగితం వాడాలి?

సమాధానం 1: 150 నంబరు కాగితంతో మొదలుపెట్టి, అంతకన్నా నునుపైన 220తో ముగించండి. మూలలకు గుండ్రని డిస్కు అందదు, అక్కడ చేతిపనే. దీపాన్ని గోడకు పక్కవాటుగా పెట్టి చూస్తే మిగిలిన గీతలు బయటపడతాయి.