తుమ్మ బంకతో చేసిన నీటిరంగు దిమ్మ పగలకుండా ఏం చేయాలి?

నీటిరంగులు స్వయంగా నూరేవాళ్లు కాస్త సలహా ఇవ్వండి.

బంక పొడి 100 గ్రాములు, గోరువెచ్చని నీళ్లు 200 మి.లీ. పొడిని నీళ్లపై కొద్దికొద్దిగా చల్లి కలిపి, రాత్రంతా నాననిచ్చి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఇంతవరకు ఇబ్బంది లేదు. (మరిగిస్తే చిక్కదనం పడిపోతుంది, అందుకే పొయ్యి ఎక్కించలేదు.) ఈ ద్రావణం 4 పాళ్లకు గ్లిజరిన్ 1 పాలు, చివర రెండు చుక్కల లవంగ నూనె.

ఎర్రమట్టి రంగులు చక్కగా ఆరుతున్నాయి. అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం మాత్రం అంచుల దగ్గర విడిపోయి నెర్రెలు బారుతోంది. గ్లిజరిన్ పెంచితే పగుళ్లు తగ్గుతాయి గానీ పైపొర ఆరదు. గాలిలో తేమ పీల్చుకుని వేలికి అంటుతుంది. బంక ఎండితే గాజులా పెళుసు కాబట్టి గ్లిజరిన్ అసలు మానేయడమూ కుదరదు.

నా సందేహాలు: గ్లిజరిన్‌లో సగం తీసేసి తేనె వేస్తే జిగట తగ్గుతుందా? ఈ నీలానికి బంక పాలు ఎంత ఉండాలి? అచ్చు ఒకేసారి నింపకుండా పల్చటి పొరలుగా పోస్తే, పొరకూ పొరకూ మధ్య ఎంత ఆరనివ్వాలి?

బూజుకు బోరాక్స్ మాత్రం చెప్పకండి, బంక గడ్డకడుతుంది.