అండాశయ సిస్టా, హైడాటిడ్ తిత్తా? స్కాన్‌లో తేడా ఎలా పట్టాలి

ప్రశ్న (స్కానింగ్ డాక్టరు, పలమనేరు)

సీనియర్లందరికీ నమస్కారం. గొర్రెలు మేపుకునే కుటుంబానికి చెందిన 34 ఏళ్ల మహిళ పొత్తికడుపు బరువుగా ఉందని వచ్చారు. కుడి అండాశయం ఉండవలసిన చోట 9 సెంటీమీటర్ల సిస్టు, లోపల అనేక గదులు కనిపించాయి. మ్యూసినస్ సిస్టడెనోమా (జిగట ద్రవంతో నిండే, సాధారణంగా క్యాన్సర్ కాని అండాశయ కణితి) అని రాయబోయి ఆగాను. అవి అడ్డగోడలతో విడిపోయిన గదుల్లా కాక, పెద్ద తిత్తి లోపల గుండ్రని చిన్న తిత్తులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నట్లు అనిపించాయి. హైడాటిడ్ (కుక్కల నుంచి సోకే బద్దెపురుగు పిల్లదశ వల్ల ఏర్పడే తిత్తి) ఏమోనని అనుమానం. వచ్చే వారం లాప్రోస్కోపీ ఆపరేషన్ ఉంది. స్కాన్‌తో ఎంతవరకు తేల్చవచ్చు?

జవాబు (రేడియాలజిస్టు, తిరుపతి)

ముందు అండాశయాన్ని వెతకండి. సిస్టు అంచున ఫాలికల్స్‌తో (అండాలు పెరిగే చిన్న సంచులతో) కూడిన అండాశయ కణజాలం నెలవంకలా చుట్టుకొని ఉంటే అది అండాశయానిదే అనుకోవచ్చు. యోని ద్వారా చేసే లోపలి స్కాన్‌లో ప్రోబుతో మెల్లగా నొక్కినప్పుడు సిస్టు, అండాశయం వేర్వేరుగా జరిగితే అది అండాశయానిదన్న అనుమానం తగ్గుతుంది. అయితే అండాశయం విడిగా ఉన్నంత మాత్రాన హైడాటిడ్ అనలేము, ఎందుకంటే పారాఒవేరియన్ సిస్టు (అండాశయం పక్కన పెరిగే సిస్టు) కూడా అలాగే కనిపిస్తుంది. పైగా హైడాటిడ్ అరుదుగా అండాశయంలోనే పెరుగుతుంది కూడా.

అందుకే గోడను శ్రద్ధగా చూడాలి. రెండు తెల్లని గీతల మధ్య నల్లని గీత కనిపించడం, లోపలి పొర ఊడి ద్రవంలో తేలడం, మీరు చెప్పినట్లు పిల్ల తిత్తులు ఉండడం హైడాటిడ్‌ను గట్టిగా సూచిస్తాయి. రోగిని పక్కకు తిప్పి చూడండి. అడుగున పేరుకున్న సన్నని ఇసుకలాంటి పదార్థం లేచి మంచులా రాలితే అనుమానం మరింత బలపడుతుంది. డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని చూపే స్కాన్‌లో) అడ్డగోడల్లో రక్తప్రవాహం కనిపిస్తే మాత్రం అండాశయ కణితినే ముందు ఆలోచించాలి.

అన్నింటికన్నా ముఖ్యంగా, ప్రోబును పైకి తీసుకెళ్లి కాలేయం చూడండి. హైడాటిడ్ ఎక్కువగా ఉండేది అక్కడే. కటిలో మాత్రమే ఉండడం చాలా అరుదు.

జవాబు (గైనకాలజిస్టు, చిత్తూరు)

డాక్టరు గారూ, మీ అనుమానాన్ని రిపోర్టులో రాయడంతో సరిపెట్టకుండా సర్జన్‌కు ఫోన్ చేసి చెప్పండి. మామూలు సిస్టు అనుకుని సూదితో ద్రవం తీస్తే లోపలి పదార్థం పొత్తికడుపులో చింది కొత్త తిత్తులు మొలకెత్తవచ్చు, ప్రాణాంతకమైన అలర్జీ కూడా రావచ్చు. ముందే తెలిస్తే ఆల్బెండజోల్ (పురుగుల మందు) మొదలుపెట్టి, తిత్తి పగలకుండా తీసే ఏర్పాటు చేసుకుంటారు. రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా హైడాటిడ్ కాదని నిశ్చింతగా ఉండకండి.

ప్రశ్న అడిగిన డాక్టరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆమెను ఈ ఉదయం మళ్లీ పిలిపించాను. కుడి అండాశయం తిత్తి వెనుక, ఫాలికల్స్‌తో సహా విడిగా దొరికింది. కాలేయం కుడి భాగంలో 5 సెంటీమీటర్ల మరో తిత్తి ఉంది, దాని గోడలో జంట గీత స్పష్టంగా ఉంది. మొదటి రోజే పైకి చూసి ఉండవలసింది. సర్జన్‌తో మాట్లాడాను, ఆపరేషన్ వాయిదా వేశారు. ఆ ఇంట్లో మంద కుక్కలు ఉన్నందున, భర్తకూ ఇద్దరు పిల్లలకూ కాలేయం స్కాన్ చేయించుకోమని చెప్పాను, శుక్రవారం వస్తామన్నారు.