సమస్య: గ్రుడ్డి యనుచుఁ దల్లి బిడ్డఁ బిలిచె

నిర్వాహకుడు: ఈ వారం పద్యానికి చివరి పాదం ఇదే. లాటిన్ పేర్ల గురించి చదువుతుంటే తట్టింది, వదల్లేకపోయాను. లాటిన్ ఆడపేరుతోనే పూరించాలి.

పల్నాటి మాస్టారు:
కైకసన్న మాట కనులు లేనట్టిది
సిసిలి యనెడి పేరు చెలువ కయ్యె
నర్థ మెఱుగకుండ నందరు విను నట్లు
గ్రుడ్డి యనుచుఁ దల్లి బిడ్డఁ బిలిచె

లాటిన్లో కైకస్ అంటే గ్రుడ్డి. ఆ మాటనుంచే కైకిలియస్ అని రోములో పెద్ద వంశం, ఆ ఇంట పుట్టిన ఆడపిల్లకి వంశం పేరే పేరు, కైకిలియా. అప్పియా రోడ్డు పక్కన కైకిలియా మెటెల్లా సమాధి ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషువాళ్ళ నోట సిసిలియా అయింది.

మంజీర: మూడో పాదం చాలా బాగుంది మాస్టారూ. కానీ 'సిసిలి' అని కోసేస్తే ఇటలీ కింద దీవి అనుకుంటారు, దానికీ దీనికీ సంబంధమే లేదు. పోయినవారం నేను లూసియాని 'లూసి' చేస్తే ఊరుకోలేదు కదా మీరు?

పల్నాటి మాస్టారు: అప్పుడు నేనన్నది యతి గురించమ్మా, పేరు కురచ గురించి కాదు. ఆ పద్యం భావం నాకిప్పటికీ ఇష్టమే. లూసియా అనే క్రైస్తవ పునీతురాలి పేరులో ఉన్నది లక్స్, అంటే వెలుగు, ఆవిడది ఆ సిసిలీ దీవిలోని సిరక్యూసే, కళ్ళజబ్బులొస్తే మొక్కుకునేది ఆవిడకే, పండగ డిసెంబరు 13. పునీతురాలు సిసిలియా పండగ నవంబరు 22, ఆవిడ సంగీతానికి దిక్కు.

ఓరుగల్లు పద్యం:
షీల యనఁగ మనకు శీలమే తలఁపగు
నైరిషులకు నదియె యంధ యగును
పేరు మూలం తెలిసి పెద్దమ్మ నవ్వఁగ
గ్రుడ్డి యనుచుఁ దల్లి బిడ్డఁ బిలిచె

ఐర్లండులో సిసిలియానే షీల అయింది. మన శీల సంస్కృతం, వినడానికి ఒకటే గానీ చుట్టరికం లేదు.

మంజీర: అబ్బ, షీలా! ఇది నాకు తట్టలేదే. మాస్టారి పూరణకంటే ఒక మెట్టు పైనే పెడతా దీన్ని.

పల్నాటి మాస్టారు: మెట్టు సరే, 'మూలం' దగ్గర గణం పోయింది చూడలేదా? 'లం' గురువు. ఐరిషువాళ్ళు కూడా ఆ అర్థంతో పెట్టుకోరు, అది లాటిన్ వేరులో ఉన్న అర్థం.

నిర్వాహకుడు: 'మూల మెఱిఁగి' అంటే సరిపోతుంది. ఆ ఒక్కటీ దిద్దితే నా ఓటు ఓరుగల్లుకే, షీల-శీల మెలిక అంత నచ్చింది.

ఓరుగల్లు పద్యం: దిద్దాను, థాంక్సండి. ఇంకోటి, బయాలజీలో చదివిన అంధనాళం, అదే సీకం, అదీ ఈ కైకస్సే, ఒక చివర మూసుకుపోయిన పేగు కాబట్టి ఆ పేరు. రాత్రికి దాంతో ఇంకో పూరణ పెడతా.