జ్ఞాపకం తిరిగి రావాలంటే కనెక్షన్ల లెక్క ముఖ్యమా, అల్లిక ముఖ్యమా?

లంకగాలి (అమలాపురం):
నిన్న రాత్రి కూర్చుని కంప్యూటర్లో చిన్న హాప్‌ఫీల్డ్ నెట్‌వర్క్ రాశానండి, కొన్ని ప్యాటర్న్‌లు (ప్లస్, మైనస్ బిట్ల వరుసలు) దాచుకుని, చెడిపోయింది చూపిస్తే అసలుది గుర్తు తెచ్చుకునేది, అదే 2024లో ఫిజిక్స్ నోబెల్ వచ్చిందే ఆయన 1982లో పెట్టిన మోడల్. 1000 న్యూరాన్లు, ఒక్కోదానికి 50 కనెక్షన్లు, దాచిన ప్యాటర్న్‌లు 5. న్యూరాన్లని గుండ్రంగా పెట్టి ఎవరి పక్కనున్న 50 మందికి వాళ్ళనే కలిపా. ఒక ప్యాటర్న్‌లో మూడోవంతు బిట్లు తిరగేసి ఇచ్చి గుర్తు తెచ్చుకోమంటే కొంత ముక్క సరిగ్గా వచ్చింది, పక్క ముక్కలో ఇంకో ప్యాటర్న్ వచ్చి కూర్చుంది. అదే 50 కనెక్షన్లు ఎవరికి పడితే వాళ్ళకి ర్యాండమ్‌గా కలిపితే దాదాపు మొత్తం వచ్చేసింది. అంటే అల్లికదే అసలు పని అని నా వాదన, కాదనేవాళ్ళు రండి.

బోదెగట్టు (తణుకు):
ఒక్క రన్ చేసి తీర్పు చెప్పేస్తే ఎలాగండి. ఇది 1985లోనే తేలిపోయిన లెక్క, అందరూ అందరితో కలిసున్న నెట్‌వర్క్‌లో న్యూరాన్ల సంఖ్యని 0.138తో గుణిస్తే అన్ని ప్యాటర్న్‌లు పడతాయి, అంటే 1000కి 138 దాకా. వైర్లు కోసేస్తే అప్పుడు ఒక్కో న్యూరాన్‌కి ఎన్ని వైర్లున్నాయో దాన్నిబట్టి లెక్క. వైర్లు పెంచండి, మీ గుండ్రం కూడా దార్లోకొస్తది.

లంకగాలి:
ఆయ్, పెంచితే వస్తది, ఎవరు కాదన్నారు. రెండిటికీ 50 చొప్పునే ఇచ్చానని రాశా కదండీ, చదవకుండానే దిగిపోయారు. మా ఊళ్ళో 86 వరద గురించి అడగండి, ఏటిగట్టు వైపు వీధి వాళ్ళు వరదే చెప్తారు, చివర వీధి వాళ్ళు అందులో 96 తుఫాను కలిపేస్తారు, చెట్లు పడిపోయినయ్యి అంటారు. ఏ వీధికావీధి చాలా గట్టిగా చెప్తది. నా గుండ్రంలో జరిగింది అచ్చం అదే.

తాటిబెల్లం (రాజోలు):
మా తాతకి రెండూ గుర్తేనండి, నాకివ్వాల్సిన డబ్బులే గుర్తుండవు 😄

రేవు మాస్టారు (నరసాపురం):
వరద పోలిక బాగుంది నాయనా, కానీ కారణం కూడా చెప్పాలి. ప్రతి న్యూరాన్ తనకి కలిసినవాళ్ళ మాటలన్నీ బరువులతో, అంటే ఒక్కో కనెక్షన్ ఎంత బలమైందో దాంతో గుణించి కూడి, మొత్తం ప్లస్ అయితే ప్లస్, మైనస్ అయితే మైనస్ అంటది. 50 మంది 50 చోట్ల నుంచి చెప్తే ఒకరి తప్పుని ఇంకొకరి తప్పు కొట్టేస్తది. ఆ 50 మందీ ఒకే వీధివాళ్ళు, పైగా వాళ్ళలో వాళ్ళు కూడా కలిసినవాళ్ళే అయితే ఒకే పుకారు యాభై నోళ్ళతో విన్నట్టు, తప్పు తప్పుని బలపరుస్తది. దీన్నే క్లస్టరింగ్ అంటారు.

ఇంకోటి, చాలామంది స్మాల్ వరల్డ్, అంటే ఎవరి నుంచి ఎవరికైనా కొద్ది అంగల్లోనే చేరిపోయే అల్లిక అంటూ, 1998లో దాని మీద రాసిన వాట్స్, స్ట్రోగాట్జ్ మాట పట్టుకుని నాలుగు దూరపు వైర్లు వేస్తే చాలంటారు, అది దూరం విషయంలో నిజం. చించినాడ వంతెన ఉంటే కోనసీమ నుంచి పాలకొల్లు దగ్గరయింది, ఒప్పుకుంటా. కానీ వంతెన పడింది కదా అని లంకలో మనిషి చెవిన పడే మాటలు మారిపోవు, 50లో 48 ఇంకా పక్కింటివే. జ్ఞాపకం మొత్తంగా రావాలంటే దూరం తగ్గితే చాలదు, క్లస్టరింగ్ కూడా తగ్గాలి, దానికి చాలా వైర్లే తిప్పాలి.

బోదెగట్టు:
మాస్టారూ ఇది బాగుంది, లెక్కే అంతా అన్నమాట వెనక్కి తీసుకుంటా, సగం. మిగతా సగం ఏంటంటే మనిషి మెదడులో 8600 కోట్ల న్యూరాన్లట, అన్నిటికీ ర్యాండమ్‌గా దూరపు వైర్లేసుకుంటూ పోతే తలకాయ ధవళేశ్వరం బ్యారేజీ అంత అవుద్ది. అందుకే మెదడులో ఎక్కువ వైర్లు దగ్గరవే. కంప్యూటర్లో వైరుకి ఖర్చు లేదు కాబట్టి మీ ర్యాండమ్ గెలిచింది, అంతేగా.

పైగా ఇప్పుడు ఆ గొడవే పక్కకి పోయింది, 2016లో హాప్‌ఫీల్డ్, క్రోటోవ్ కలిసి నెట్‌వర్క్ ఏ జ్ఞాపకం దగ్గరికి జారి ఆగాలో తేల్చే ఎనర్జీ ఫార్ములానే మార్చి పట్టే ప్యాటర్న్‌లు బోలెడు పెంచేశారు, 2020కి వచ్చేసరికి చాట్ మోడళ్ళలో వాడే అటెన్షన్ (ఒక్కో మాట మిగతా మాటల్లో దేన్ని ఎంత పట్టించుకోవాలో తేల్చే పద్ధతి) కూడా ఆ కుటుంబమే అని చూపించారు. అక్కడ అల్లిక ఊసే లేదు, అందరూ అందర్నీ చూస్తారు.

లంకగాలి:
అందరూ అందర్నీ చూడటం కూడా ఒక అల్లికేనండి బాబూ, ఖరీదైన అల్లిక. దాని ఖర్చు తట్టుకోలేకే కదా పొడుగు టెక్స్ట్ వస్తే దగ్గర మాటలు కొన్ని, దూరం మాటలు కొన్ని మాత్రమే చూసే రకాలు కనిపెడుతున్నారు. మళ్ళీ మన వీధి గొడవకే వచ్చాం.

రేవు మాస్టారు:
అదీ నిజమే. ఒక పని చెయ్యి నాయనా, కనెక్షన్లు అందరికీ సమానంగా పంచకు, కొందరికి 300, చాలామందికి 20 ఇచ్చి చూడు. మొత్తం ప్యాటర్న్ తప్పినా ఆ 300 వాళ్ళు మాత్రం చాలావరకు ఒప్పు చెప్తారు, ఎక్కువ నోళ్ళు వింటారు కాబట్టి.

తాటిబెల్లం:
మా ఊళ్ళో టీకొట్టు ఆయన లాగన్నమాట.

బోదెగట్టు:
టీకొట్టు ఆయన తప్పు చెప్తే ఊరంతా తప్పే మరి, అది కూడా రన్ చెయ్యండి.

లంకగాలి:
చేస్తానండి, ముందు 10 శాతం వైర్లు తిప్పి మాస్టారి మాట చూస్తా, తర్వాత టీకొట్టు. కరెంటుంటే రేపు రాత్రికి పెడతా.